మట్టి ట్రాక్ మన చేతిలో ఉంటేనే పాత బళ్ళని పిలుద్దాం

కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి, సగం చదివి కామెంట్ పెట్టకండి.

రెండు వారాలుగా ఇక్కడ ఒకటే వాదన నడుస్తోంది. సిటీ నుంచి వచ్చే పాత బైకుల రైడర్లకి మన ఏజెన్సీలో మట్టి ట్రాక్ చేసి ఇవ్వాలా వద్దా అని. కొందరు "వాళ్ళొస్తే నాలుగు డబ్బులొస్తాయి, ఖాళీగా ఉన్న కుర్రాళ్ళకి పని దొరుకుతుంది" అన్నారు. ఇంకొందరు "ఒకసారి కాలు పెట్టనిస్తే మరి కదలరు" అన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రాక్ చేద్దాం. కానీ మనమే చెయ్యాలి, మన సంఘం పేరు మీద నడపాలి, గజం భూమి కూడా లీజుకి ఇవ్వకూడదు. అలా కుదరకపోతే ట్రాకే వద్దు.

ఎందుకో చెప్పే ముందు అసలు ఈ ఆట ఏంటో తెలుసుకోవాలి. మనలో చాలామంది వీడియోలో బళ్ళు ఇంటి ఎత్తు ఎగరడం చూసి "అమ్మో, కొండ మొత్తం జేసీబీతో తవ్వేస్తారు" అనుకున్నారు. ఆ వీడియోల్లో ఉన్నది సూపర్‌క్రాస్. స్టేడియంలో లారీలకొద్దీ మట్టి తెచ్చి పోసి దిబ్బలు కడతారు. మన దేశంలో 2024లో పుణెలో మొదలైన సూపర్‌క్రాస్ లీగ్ అలాంటిదే. మోటోక్రాస్ పుట్టింది మాత్రం అలా కాదు. 1924లో ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతంలోని కాంబర్లీ దగ్గర బీడు నేల మీద, ఉన్న ఎత్తుపల్లాల మీదే బళ్ళు తోలారు. దాన్ని స్క్రాంబుల్ అన్నారు. అదే తర్వాత మోటోక్రాస్ అయింది. 1966లో స్వీడన్ రైడర్ టోర్స్టెన్ హాల్‌మన్ అమెరికా వెళ్ళి తోలి చూపించాక అక్కడ పిచ్చి పట్టింది. 1971లో వచ్చిన 'ఆన్ ఎనీ సండే' అనే సినిమాతో ఇంకా పెరిగింది.

ఆ రోజుల్లో తోలిన కుర్రాళ్ళు ఇప్పుడు ముసలాళ్ళు. ఆ బళ్ళూ పాతబడ్డాయి. వాటిని బాగుచేసుకుని మళ్ళీ తోలడమే వింటేజ్ మోటోక్రాస్. అమెరికాలో పాత బళ్ళ రేసులు చూసే సంఘం ఏహెచ్‌ఆర్‌ఎంఏ. దాని లెక్కలో వింటేజ్ అంటే 1974 దాకా వచ్చిన తరహా బళ్ళు. ముందు చక్రం షాక్ కదలిక 7 అంగుళాలు, వెనకది 4 అంగుళాలు దాటకూడదు. ఇప్పటి మోటోక్రాస్ బండికి ఇది 12 అంగుళాల దగ్గర ఉంటుంది. 40 దాటిన వాళ్ళకి, 50 దాటిన వాళ్ళకి, 60 దాటిన వాళ్ళకి విడివిడి క్లాసులు ఉంటాయి.

ఈ 4 అంగుళాల లెక్క మనకి చాలా ముఖ్యం. వెనక షాక్ అంత తక్కువ కదిలే బండిని ఎత్తు దిబ్బ మీంచి ఎగరేస్తే ఫ్రేము విరుగుతుంది, మనిషి నడుము విరుగుతుంది. అందుకే పాత బళ్ళ ట్రాకులో పెద్ద దిబ్బలు పెట్టరు. ఉన్న మెట్ట, ఉన్న పల్లం, గడ్డి నేల, వెడల్పాటి మలుపులు చాలు. అంటే జేసీబీ అక్కర్లేదు. నాగలి, గునపం, పార, నీళ్ళు, మనుషులు ఉంటే ట్రాక్ అవుతుంది. ఎవరైనా వచ్చి "పాత బళ్ళ ట్రాక్ కోసం కొండ చదును చెయ్యాలి" అంటే వాడికి ఈ ఆట తెలియదు, లేదా వాడికి కావల్సింది వేరే.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఉనడిల్లా అనే ట్రాక్ ఉంది. ప్రపంచ స్థాయి రేసులు జరిగిన చోటు. పాత బళ్ళ రైడర్లు కూడా ఆశపడి వెళ్ళే చోటు. అది స్టేడియం కాదు, రాబిన్సన్ అనే కుటుంబం వాళ్ళ పొలం. గడ్డి, సహజమైన కొండ వాలు, దానికే పేరొచ్చింది. ఇంగ్లండ్‌లో ఫార్లీ కాజిల్ ట్రాక్ కూడా పాడుబడ్డ కోట దగ్గరి పొలాల్లోదే. ఉనడిల్లాలో భూమి సొంతదారుడి దగ్గరే ఉంది. రైడర్ వచ్చాడు, ఫీజు కట్టాడు, తోలాడు, ఎల్లిపోయాడు. ఇదే పద్ధతి మన దగ్గరా ఉంది. అరకు వైపు వలిసె పూలు పూసినప్పుడు టూరిస్టులు ఫోటోల కోసం దిగుతారు. రైతు గట్టు మీద నిలబడి మనిషికి ఇంత అని తీసుకుని లోపలికి వదులుతాడు. పూలు అయ్యాక గింజ మిగులుతుంది, పొలం మిగులుతుంది. వలిసె తోటకి ఎవరూ లీజు రాయించుకోలేదు కదా. ట్రాక్ కూడా అలాగే ఉండాలి.

మరి మన దగ్గరికి ఎవరొస్తారు? మన దేశంలో 1974 ముందు మోటోక్రాస్ బళ్ళు దొరకడం కష్టమే. కానీ జావా, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 పిచ్చోళ్ళు చాలామంది ఉన్నారు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1960ల మొదట్లో మొదలై 1996 దాకా నడిచింది. ఆ జావాకి చెక్ దేశంలో తోడబుట్టినట్టుండే కంపెనీ సీజెడ్. 1964లో జోయెల్ రాబర్ట్ 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది సీజెడ్ మీదే. 1966 నుంచి మూడేళ్ళు వరసగా పాల్ ఫ్రెడ్రిక్స్ 500 సీసీ గెలిచింది కూడా సీజెడ్ మీదే. అంటే మన సంతకి షావుకారు వేసుకొచ్చిన యెజ్డీకీ ఆ చాంపియన్ బళ్ళకీ చుట్టరికం ఉంది. ఏటా జూలై రెండో ఆదివారం జావా యెజ్డీ డే అని హైదరాబాద్‌తో సహా చాలా ఊళ్ళలో బళ్ళతో తిరుగుతారు. వాళ్ళకి రోడ్డు ఉంది, మట్టి లేదు. మన దగ్గర మట్టి ఉంది.

కాబట్టి అమెరికా రూలు ఉన్నదున్నట్టు మనకెందుకు? మన రూలు ఇలా ఉండొచ్చు: వెనక రెండు షాకులు, రెండు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు ఉన్న పాత బండి. ఆర్‌ఎక్స్ 100 కూడా అందులోకి వస్తుంది. వేగం తక్కువ, దెబ్బలు తక్కువ, నేల మీద బరువు తక్కువ.

ట్రాక్ తయారీ సంగతి. ఇంటర్నెట్లో చదివింది, మన రైతులకి తెలిసింది కలిపి రాస్తున్నా.

చోటు: పంట కోసేసిన మెట్ట లేదా బీడు. గెడ్డకీ ఊటకీ దూరంగా ఉండాలి. కాఫీ తోట, జీలుగు చెట్లు, శంకుదేవుడి గుడి, నిశాని చోటు దగ్గర వద్దు. ఎక్కడ ఏముందో ఊరి పెద్దలకే తెలుసు కాబట్టి గీత గీసేది వాళ్ళు నడిచి చూసిన తర్వాతే.

గీత: వాలుకి అడ్డంగా పోవాలి. పైనుంచి కిందికి తిన్నగా దారి వేస్తే తొలకరికే అది కాలవ అవుతుంది, రెండో ఏడుకి గండి అవుతుంది. మన ఎర్రమట్టి సంగతి మీకు తెలియంది కాదు. మొదలయ్యే చోట వెడల్పు ఎక్కువ, మొదటి మలుపు విశాలంగా. అందరూ ఒక్కసారే అక్కడికి చేరతారు, గుద్దుకునేది అక్కడే.

నేల: ముందు రాళ్ళు, మోళ్ళు, పాత ముళ్ళకంచె ముక్కలు ఏరెయ్యాలి. మలుపుల్లో నాగలితో మూడు నాలుగు అంగుళాలు మాత్రమే తిరగెయ్యాలి. ముందురోజు సాయంత్రం నీళ్ళు పెట్టాలి. పొద్దున్నే పెడితే పైన జారుడు, కింద పొడి. రేసుల మధ్యలో దుమ్ము లేస్తే మళ్ళీ చల్లాలి. దుమ్ములో ముందు పడినోడు వెనకోడికి కనపడడు, పెద్ద ప్రమాదం అదే. నీళ్ళు తాగే బోరు నుంచి తియ్యకూడదు, ట్యాంకర్ ఖర్చు రైడర్లే పెట్టుకోవాలి.

కాపలా: చెట్లకి, రాళ్ళకి ముందు వరిగడ్డి మోపులు. జనం నిలబడేది తాడు వెనక, మలుపు లోపలి వైపు. బయటి వైపు ఎవర్నీ నిలబెట్టకూడదు, బండి జారితే పోయేది అటే. ప్రతి మలుపు దగ్గర పసుపు జెండా పట్టుకుని ఒక మనిషి ఉండాలి. పశువుల్ని ఆ రెండు రోజులు వేరే వైపు తోలాలి.

ఆయిల్: టూ స్ట్రోక్ బళ్ళకి పెట్రోల్లో ఆయిల్ కలుపుతారు. బండి నిలిపే చోట పట్టా పరచాలి, ఒక్క చుక్క కూడా నేలలోకి పోకూడదు.

అయిపోయాక: ట్రాక్ అంతా గుంటక తోలి చదును చెయ్యాలి, వాలు ఉన్నచోట రాతికట్టు వెయ్యాలి, వానలకి చోడో సామో చల్లాలి. ఈ పనికి కూలి ముందే డిపాజిట్‌గా తీసుకోవాలి. రేసు అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

కాలం: కోతలయ్యాక, పుష్యం దాటకుండా. అప్పుడు నేల పూర్తిగా ఎండదు. చలికి లంబసింగి, వంజంగి వైపు జనం ఎలాగూ వస్తారు. చైత్రంలో ఇటుకల పండగ, దాని జోలికి వెళ్ళొద్దు.

ఇక అసలు గొడవ, భూమి.

మా ఊరికి కూడా ఇద్దరు వచ్చారు. ఎవరో ఇక్కడ అనవసరం. పది ఎకరాలు, చాలా ఏళ్ళ లీజు, ఏడాదికి ఇంత అని కాగితం తెచ్చారు. "అమ్మమనట్లేదు కదా, భూమి మీ పేరు మీదే ఉంటుంది" అన్నారు. మా పెదనాన్న చదువుకోలేదు, సెలవులకి ఇంటికొచ్చిన నన్ను చదవమన్నాడు. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే. ఆ కాగితం రెండుసార్లు చదివాను. ప్రహరీ కట్టుకునే హక్కు, గదులు కట్టుకునే హక్కు, వేరే వాళ్ళకి అప్పజెప్పే హక్కు అన్నీ ఉన్నాయి. బైకు అన్న మాట ఒక్కచోటే ఉంది. పెదనాన్న విని "అయితే బండి రేసు ఏడాదికి రెండ్రోజులు, గదులు ఏడాదంతానా?" అన్నాడు. కాగితం తిరిగి ఇచ్చేశాం.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, 1959 భూ బదలాయింపు నిబంధనల్లో, 1970లో వచ్చిన 1/70 సవరణలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ అందులోవే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి లీజు ఇచ్చినా అది చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 1997లో సమతా తీర్పు ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల లీజుల కేసు అది. సర్కారు భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు వాళ్ళకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. అటవీ హక్కుల పట్టా భూమి అయితే 2006 చట్టం ప్రకారం వారసులకి వెళ్తుంది తప్ప ఇంకొకరికి బదలాయించడానికి లేదు. మరి "లీజే కదా" అనే మాట ఎందుకొస్తోంది? మనం చదవం అనుకుని.

టూరిజం కోసం 1/70 సడలించాలన్న మాట వచ్చినప్పుడు 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ చేశాం. రోడ్ల మీద కూర్చున్నోళ్ళలో మన గ్రూపు వాళ్ళూ ఉన్నారు. అలా కాపాడుకున్న దాన్ని ఇప్పుడు రెండ్రోజుల రేసు కోసం మన చేత్తోనే వదులుకుంటామా?

అలా అని తలుపు మూసుకోవాలని కాదు. అదే చట్టంలో దారి ఉంది. సభ్యులందరూ గిరిజనులే అయిన రిజిస్టర్డ్ సొసైటీకి భూమి ఇవ్వొచ్చు. 1964 సహకార సంఘాల చట్టం కింద పది మంది రైతులు, పది మంది కుర్రాళ్ళు కలిసి సంఘం పెట్టుకోవచ్చు. ట్రాక్ సంఘానిది, టికెట్ సంఘానిది, లెక్క గ్రామసభది. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల ద్వారా ఎకోటూరిజం నడిచింది, మనోళ్ళకి అతిథుల్ని చూసుకోవడం రాదు అనే మాట తప్పు. కాగితాలు పెట్టేముందు ఒక లాయర్‌కీ ఐటీడీఏలోనూ చూపించాలి. రేసుకి విడిగా అనుమతి, ఇన్సూరెన్స్ ఉండాలి. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం తోలితే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. దేశంలో మోటార్ స్పోర్ట్స్ చూసే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ, దాని నిబంధనలు ముందే తెప్పించుకుని చదవాలి.

డబ్బుల సంగతి కూడా నిజం మాట్లాడుకుందాం. ఊరికే లెక్క కోసం 40 మంది రైడర్లు, మనిషికి 1500 అనుకోండి. 60,000 అవుతుంది. అంబులెన్సు, డాక్టరు, ఇన్సూరెన్స్, ట్యాంకర్, గడ్డి, జెండాల వాళ్ళ కూలి తీసేస్తే ఏమీ పెద్దగా మిగలదు. మిగిలేది వేరే చోట. వచ్చేవాళ్ళు వయసు మళ్ళినోళ్ళు, కుటుంబంతో వస్తారు, రెండు రాత్రులు ఉంటారు. కూర్చోడానికి నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, వేడి భోజనం అడుగుతారు. బొంగు చికెన్, చోడి అంబలి, కాఫీ, పసుపు, తేనె మన మహిళా సంఘాలే అమ్మాలి. బయటి హోటల్ వాడికి స్టాల్ ఇస్తే ట్రాక్ మనది, లాభం వాడిది అవుతుంది. ఐటీఐ చదివిన తమ్ముళ్ళకి ఇంకో దారి ఉంది. కార్బ్యురేటర్, కాంటాక్ట్ పాయింట్లు తెలిసిన పాత మేస్త్రీలు తగ్గిపోతున్నారు. వాళ్ళ దగ్గర ఇప్పుడే నేర్చుకుంటే ఆ పని ఏడాదంతా దొరుకుతుంది.

తోలే కుర్రాళ్ళు కూడా మనవాళ్ళు కావాలి. 2015లో సీఎస్ సంతోష్ డాకర్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు అయ్యాడు. 2024లో హరిత్ నోవా అదే డాకర్‌లో ర్యాలీ 2 క్లాసు గెలిచాడు. వాళ్ళకి కోచింగ్, బండి దొరికాయి. మన కుర్రాళ్ళు ఘాట్ రోడ్డులో ముగ్గురు ఎక్కి హెల్మెట్ లేకుండా తోలతారు, బ్రేకు పట్టే ఒడుపు దెబ్బ తగిలాకే తెలుస్తుంది. ట్రాక్ ఉంటే హెల్మెట్ పెట్టుకుని, పక్కన చూసేవాడు ఉండగా నేర్చుకోవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బరువుగా ఉన్న మాట. రేసు జరగాలంటే ట్రాక్ పక్కన అంబులెన్సు నిలబడి ఉండాలి. అది సరైన రూలే. కానీ అదే మండలంలో అంబులెన్సు ఎక్కలేని ఊళ్ళు ఉన్నాయి. నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చే ఊళ్ళు ఉన్నాయి. సరదాకి తోలే బండి కోసం మట్టిని చదును చేసి నీళ్ళు చల్లి, ప్రాణం మీదకొచ్చిన మనిషి నడిచే దారిని అలాగే వదిలేస్తే మన పిల్లలే మనల్ని అడుగుతారు. ఒక అన్న "రోడ్డు సర్కారు పని, ట్రాక్ మన పని, రెండూ కలపొద్దు" అన్నాడు. రోడ్డు సర్కారు పనే, ఆ డిమాండ్ ఆగకూడదు. కానీ ట్రాక్ చెయ్యడానికి వచ్చే నాగలి, పార, ట్యాంకర్, యాభై మంది మనుషులు ఒక రోజు ముందు డోలీ దారి మీద పని చెయ్యొచ్చు. గండి పడ్డచోట రాళ్ళు పేర్చొచ్చు, బైకు అంబులెన్సు ఎక్కేలా మలుపు వెడల్పు చెయ్యొచ్చు. ట్రాక్ డబ్బులో మొదటి వాటా ఆ దారికి వెళ్ళాలి. ఇది సంఘం నియమాల్లో రాసి ఉండాలి, నోటిమాట కాదు.

అందుకే గ్రామసభలో పెట్టడానికి నా ప్రతిపాదన ఇది.

1. లీజు, అగ్రిమెంటు ఏదీ బయటివాళ్ళతో లేదు. గిరిజనుల సంఘమే నడుపుతుంది, వచ్చేవాళ్ళు రోజు ఫీజు కట్టే అతిథులు.
2. పక్కా కట్టడం ఒక్కటీ లేదు. గుడారాలు, తాత్కాలిక మరుగుదొడ్లు మాత్రమే.
3. పెసా ప్రకారం గ్రామసభ తీర్మానం. ఆడవాళ్ళు కూర్చోని సభ చెల్లదు.
4. మందు అమ్మకం లేదు. తెచ్చిన ప్లాస్టిక్ వాళ్ళే తీసుకెళ్ళాలి, దానికి డిపాజిట్.
5. నేల బాగుచేసే ఖర్చు ముందే జమ.
6. మొదటి వాటా డోలీ దారికి.
7. మొదట ఒక్కసారే. తర్వాత ఒక వానాకాలం చూసి మళ్ళీ సభ.

ఏడోది కావాలనే పెట్టాను. జనం బాగా వచ్చారా, డబ్బు బాగా వచ్చిందా అని రేసు రోజు సాయంత్రం తేల్చుకోకూడదు. వానలు పడి తగ్గాక అదే పెద్దలు అదే గీత మీద నడవాలి. చోడి మొలిచిందా, మట్టి గెడ్డలోకి కొట్టుకుపోయిందా చూడాలి. గండి పడితే రెండో రేసు లేదు, ఎవరు ఎంత ఇస్తామన్నా సరే. వంజంగి కొండ దారి మీద బళ్ళు, జనం తొక్కిడి చూసినవాళ్ళకి నేను ఎందుకంటున్నానో తెలుస్తుంది.

"ఇన్ని షరతులు పెడితే ఎవరొస్తారు?" అని అడుగుతారు. పాత బండి పిచ్చి ఉన్నవాడు వస్తాడు, వాడికి కావల్సింది రెండ్రోజులు మంచి మట్టి. గదులు కట్టుకోవాలనుకునేవాడు రాడు. వాడు రాకపోవడమే మనకి మంచిది.

అరకు, పాడేరు, చింతపల్లి, రంపచోడవరం వైపు ఎవరి ఊరికైనా ఇలాంటి కాగితం వచ్చి ఉంటే ఫోటో తీసి పెట్టండి, పేర్లు కొట్టేసి పెట్టండి. లా చదివే అన్నలు, అక్కలు ఒకసారి చూసి చెప్పండి. సంఘం రిజిస్ట్రేషన్ అనుభవం ఉన్నవాళ్ళు ఎంత ఖర్చు, ఎన్ని రోజులు పట్టిందో రాయండి. నాతో ఒప్పుకోని వాళ్ళు ఏ షరతు తప్పో నంబర్ వేసి చెప్పండి, తిట్టుకోవద్దు. వచ్చే గ్రామసభకి ముందు ఇదంతా ఒక పేజీ చేసి, చదవలేని పెద్దలకి మన భాషల్లో చదివి వినిపిద్దాం.